అచ్చుకు సరిపోయిన పళ్ళు

ఆ గదిలో పనిచేసేది ఇద్దరే అయినా నోళ్ళు మాత్రం గోడల నిండా ఉండేవి. తలుపు దగ్గరి నుంచి కిటికీ దాకా కట్టిన చెక్క అరల మీద తెల్లటి ప్లాస్టర్ దవడలు వరసగా కూర్చుని ఉండేవి, కొన్ని నోరు తెరుచుకుని, కొన్ని మూసుకుని. కొత్తగా ఎవరైనా వస్తే గడప దగ్గరే ఒక్క క్షణం ఆగిపోయేవారు. పళ్ళక్కకు మాత్రం అవి కిటికీ అవతలి ఇళ్ళలాంటివి. రోజూ చూస్తుంది, చూస్తున్నట్టు తెలియదు.

ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు మనుషుల నోట్లో మెత్తటి ముద్ద పెట్టి కొలత తీసి ఆ ల్యాబుకు పంపుతారు. ఆ కొలతలో ప్లాస్టర్ పోస్తే దవడ అచ్చు వస్తుంది. అచ్చు మీద గులాబీ రంగు మైనం పరిచి, స్పిరిట్ దీపం మీద వేడిచేసిన చిన్న కత్తితో ఆ మైనాన్ని కరిగిస్తూ పళ్ళు ఒక్కొక్కటిగా నిలబెట్టడం ఆమె పని. సగం జీవితం అదే చేసింది కాబట్టి అసలు పేరు వెనకబడి పళ్ళక్క అన్న పేరే నిలిచిపోయింది. ఆమె పేర్చిన సెట్లను నున్నగా మెరిసేదాకా రుద్దేవాడు పాలిషు తమ్ముడు. సెట్టు మనిషి నోట్లోకి వెళ్ళిపోయాక, ఇక పనికిరాని అచ్చును సుత్తితో పగలగొట్టి బస్తాలో పోయడం కూడా అతని పనే. దానికి మోక్షం ఇవ్వడం అని పేరు పెట్టుకున్నాడు.

"అక్కా, పైఅరలో పెద్దాయనకి మోక్షం ఎప్పుడు?" అని అడిగాడు ఒకరోజు, సుత్తి చేతిలో ఆడిస్తూ. "వానాకాలంలో వచ్చి కూర్చున్నాడు. ఎండలు వచ్చేశాయి. ఇంక అద్దె అడగాలి."

"ఆయన జోలికి వెళ్ళకు."

"వెళ్ళనులే. వెళ్తే నువ్వు నా పళ్ళు రాలగొడతావు, మళ్ళీ నువ్వే కూర్చుని కట్టాలి. రెండు పనులూ నీకే."

ఆ పెద్దాయన ఆమె అన్నయ్య.

అన్నయ్య బడిలో లెక్కలు చెప్పేవాడు. కానీ ఆయనకు పేరు తెచ్చింది లెక్కలు కాదు, ఆదివారం సాయంత్రాలు. టైర్ల దుకాణం మీదున్న హాలులో, కింద నుంచి రబ్బరు వాసన వస్తుండగా, మనిషి ఎలా బతకాలి అన్న విషయం మీద మాట్లాడేవాడు. భర్త పోయినవాళ్ళు వచ్చేవారు, ఉద్యోగం ఊడినవాళ్ళు వచ్చేవారు, వాన తగ్గేదాకా తలదాచుకుందామని వచ్చి చివరిదాకా కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. చెప్పిందల్లా తాను చేసి చూపేవాడు. అది ఆయన గొప్పతనం, అదే ఆమె తిప్పలు. కోరికలే బరువు అని నమ్మిన రోజుల్లో ఇంట్లో కుర్చీలన్నీ ఎవరికో ఇచ్చేశాడు. పొద్దంతా వంగి పని చేసి వచ్చిన ఆమె నడుం వాల్చడానికి గోడ తప్ప ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత, మన వంతు పని చేసి ఊరుకోవడమే బతుకంటే అని తేల్చి, తెల్లారకముందే లేచి వీధి వీధంతా ఊడ్చేవాడు. చీపుళ్ళు ఆమె కొనాలి. మరికొన్నాళ్ళకు ఈ క్షణం తప్ప ఏదీ లేదని కనిపెట్టి, రోడ్డు మధ్యలో ఆగి ఆకాశం చూస్తూ లారీవాళ్ళ చేత తిట్లు తిన్నాడు. ఆ రోజుల్లో మాత్రం కుర్చీలు తిరిగి వచ్చాయి, ఈ క్షణంలో కూర్చోవాలి కాబట్టి.

ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఆయన ఒక సిద్ధాంతం వల్ల, ఆమె ఆయన వల్ల.

ఆమె ఆ ఉపన్యాసాలన్నీ వెనక వరసలో కూర్చుని విన్నది. అర్థమైనవి కొన్ని, కానివి కొన్ని. ఎలా బతకాలని తనకు ఎప్పుడూ సందేహం రాలేదు. అన్నయ్య తేలుస్తున్నాడు కదా, తేలాక చెబుతాడు అనుకునేది.

అన్నయ్యకు షుగరు ముదిరి చిగుళ్ళు చెడిపోయాయి. ఒక పన్ను ఊగితే ఒకటి, రెండు ఊగితే రెండు తీస్తూ వచ్చిన డాక్టరమ్మ చివరికి అన్నీ తీసేసింది. అప్పుడే కొలత తీసి ల్యాబుకు పంపింది. పళ్ళు పోయాక ఆయన మాటలన్నీ గాలితో నిండిపోయాయి. తత్వం అనబోతే నాలుక ఆనడానికి చోటు దొరక్క ఊదినట్టు వచ్చేది. ఒక ఆదివారం అలాగే హాలుకు వెళ్ళి మొదలుపెట్టాడు. వెనక నుంచి ఎవరో వినబడటం లేదన్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయిది తప్పేమీ కాదు, వయసు అలాంటిది. అన్నయ్య వాక్యం మధ్యలో ఆగి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మెట్లు దిగి ఇంటికి వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. పళ్ళ సెట్టు కోసం రమ్మని డాక్టరమ్మ ఎన్నిసార్లు కబురు చేసినా కదల్లేదు.

అప్పటి నుంచి ఆయనకు పాలలో నానిన రొట్టె, పల్చటి జావ. రొట్టె అంచులు ఎంత నానినా మెత్తబడవు కాబట్టి పళ్ళక్క వాటిని కోసి రేకు డబ్బాలో వేసేది. పారేయడానికి మనసు రాదు, తినడానికి తీరిక ఉండదు. డబ్బా నిండుతూ వచ్చింది, అన్నయ్య తగ్గుతూ వచ్చాడు. చొక్కాలో మనిషి కాక హ్యాంగరు ఉన్నట్టుండేది.

"ఇలా తాగి ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు?" అన్నది డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి. "నమిలి తినాలి. తినకపోతే ఈ మనిషి నీకు దక్కడు. పళ్ళు కట్టేదానివి, ఇంట్లో మనిషికి కట్టలేవా?"

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర ఆమె మాట ఎత్తింది. అన్నయ్య చెంచా కింద పెట్టాడు.

"ఎందుకు తినాలి, చెల్లీ?" అన్నాడు. ఆయన మాట ఇప్పుడు ఆమెకు ఒక్కదానికే తెలిసేది. పాలవాడికైనా, పక్కింటివాళ్ళకైనా ఆమే విడమరచి చెప్పాలి. "కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఇన్నేళ్ళూ ఊరందరికీ ఏదో ఒకటి చెప్పాను. ఇప్పుడు నాకు ఒక్కటీ పనిచేయడం లేదు. నేను ఒప్పుకునే కారణం ఒక్కటి చెప్పు. రేపే వెళ్ళి ఆ కుర్చీలో నోరు తెరుస్తాను."

"నాకోసం తిను."

"నీకోసం అంటే నీ భయం కోసం. దానికి ఎంత పెట్టినా కడుపు నిండదు."

"ఆకలేయడం లేదా నీకు?"

"వేస్తుంది. అది కారణం కాదు, అలవాటు."

"హాలులో వాళ్ళంతా అడుగుతున్నారు, మాస్టారు ఎప్పుడొస్తారని."

"వచ్చి ఏం చెప్పమంటావు? మొన్నటిదాకా చెప్పినవన్నీ పెదాల మీద మాటలని, పళ్ళు ఊడగానే ఊడాయని చెప్పమంటావా?"

ఆమె ఆ తర్వాత కూడా రోజుకొక కారణం పట్టుకుని వచ్చింది. గిన్నెలు తోముతూ ఆలోచించేది, బస్సులో ఆలోచించేది. అన్నయ్య దేన్నీ కసురుకోలేదు. ఒక్కొక్కదాన్ని చేతిలోకి తీసుకుని, వెనకా ముందూ చూసి, ఇక్కడ పగులుంది చూడు అని మర్యాదగా తిరిగి ఇచ్చేవాడు. వాదించడం ఆయన వృత్తి, ఆమెది కాదు. చివరికి ఆమె కారణాలు వెతకడం మానేసింది. తనకు చేతనైనది చేద్దామనుకుంది.

పైఅరలోంచి ఆయన దవడ దించింది.

మధ్యాహ్నం భోజనాల సమయం ఆమె దానికి పెట్టుకుంది. పళ్ళు కంపెనీ నుంచి పలకలకు అతికి వస్తాయి, అన్నీ చక్కగా, అన్నీ తెల్లగా. వాటిలో కాస్త పసుపు తిరిగినవి ఏరింది. అన్నయ్య ఎడమ కోరపన్ను పక్కదాని భుజం మీద చెయ్యేసినట్టు ఎక్కి ఉండేది. ముందుపళ్ళ మధ్య చిన్న సందు. కింది పళ్ళలో ఒకటి లోపలికి తప్పుకుని నిలబడేది. ఫోటో చూడాల్సిన పని లేదు ఆమెకు, కళ్ళు మూసుకుంటే ఆ నవ్వు కనిపించేది. పన్ను అరగదీసి మైనంలో నిలబెట్టేది, దూరం జరిగి చూసేది, నచ్చక పీకేసేది.

"పాపం కంపెనీవాళ్ళు కష్టపడి వంకర లేకుండా చేసి పంపిస్తే నువ్వు కూర్చుని చెడగొడుతున్నావు," అనేవాడు పాలిషు తమ్ముడు. "ఇంత వంకర పెళ్ళికొడుకుని ఎవరు చేసుకుంటారక్కా?"

"చేసుకోలేదులే ఎవరూ."

ఒక్కతే ఉన్నప్పుడు ఆమె ఆ దవడతో మాట్లాడేది కూడా. ఏమంత మాటలు కావు. ఇవాళ బస్సు రాలేదు, ఇవాళ నువ్వు జావ కూడా వదిలేశావు, ఇలాంటివి. ఇంట్లో మంచం మీద ఉన్న అన్నయ్య రోజురోజుకూ తెలియని మనిషి అవుతుంటే, బల్ల మీద ఉన్న అన్నయ్య తెలిసిన మనిషి అవుతూ వచ్చాడు. ఆయన వాదించడు. తొందరపెట్టడు. పెట్టిన పన్ను పెట్టినట్టు ఉంచుకుంటాడు.

ఆ వారంలోనే ఒక డాక్టరు దగ్గరి మనిషి పాత కొలత ఒకటి తెచ్చాడు. దాన్ని చూడగానే ఆమె తిప్పి పంపింది.

"ఇది పళ్ళు తీసిన కొత్తలో తీసిన కొలత నాయనా. నెలలు గడిచాయి. పళ్ళు పోయిన చిగురు ఊరుకోదు, కింద ఎముకతో సహా అరుగుతూనే ఉంటుంది. దీనికి సెట్టు చేస్తే ఈ ప్లాస్టర్‌కి సరిపోతుంది, మనిషికి కాదు. మళ్ళీ తీయించుకుని రా."

ఆ మాట అంటున్నప్పుడు అన్నయ్య దవడ ఆమె మోచేతి పక్కనే ఉంది. అది కూడా పాతదేనని ఆమెకు తట్టలేదు. అది ఆమెకు కొలత కాదు మరి, అన్నయ్య.

సెట్టు తయారైంది. పాలిషు తమ్ముడు మామూలుకన్నా ఎక్కువసేపు రుద్దాడు. ఈసారి హాస్యం ఆడలేదు. "బతికున్న నోరులాగుందక్కా," అన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె నీళ్ళ గిన్నెలో సెట్టు పెట్టి అన్నయ్య ముందుంచింది. ఆయన చాలాసేపు చూశాడు. ఆ వంకర కోరపన్ను మీద వేలు పెట్టి, తడిమి, "వీడెక్కడ దొరికాడు నీకు?" అన్నాడు.

తర్వాత అద్దం అడిగాడు. పళ్ళు పోయాక ఆ ఇంట్లో అద్దం అడగడం అదే మొదలు.

పైది పెట్టుకున్నాడు, కిందది పెట్టుకున్నాడు. లోపలికి పోయిన పెదాలు బయటికి వచ్చాయి. బుగ్గలు నిలబడ్డాయి. అద్దంలో ఉన్నది హాలులో మాట్లాడే మాస్టారు. ఆయన నవ్వాడు. "చెల్లీ," అన్నాడు. ఆ మాట గాలి లేకుండా, అంచులతో సహా, పూర్తిగా వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి పొయ్యి వైపు చూస్తూ నిలబడింది.

"ఆ రొట్టె అంచు ఇలా ఇవ్వు," అన్నాడు. "మాడింది ఉందా?"

చిన్నప్పుడు ఆ మాడిన అంచు కోసం ఇద్దరూ కొట్టుకునేవారు. ఆమె డబ్బాలోంచి ఒకటి ఏరి ఇచ్చింది. ఆయన కొరికాడు. టక్కుమన్నది. కింది సెట్టు లేచి, పక్కకు జారి, రొట్టె ముక్కతో సహా పళ్ళెంలో పడింది. పైది నోట్లోనే వేలాడింది.

ఆమెకు అప్పుడు తట్టింది. ఎక్కడ తప్పిందో, ఎప్పుడు తప్పిందో, ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుని తప్పిందో, అంతా ఒక్కసారే.

"అన్నయ్యా, కొలత పాతదైపోయింది. నాదే పొరపాటు. మళ్ళీ తీయించుకుందాం, ఈసారి వారంలో చేస్తాను."

అన్నయ్య సెట్టు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కళ్ళలో ఏదో వెలుగు. ఆమెకు బాగా తెలిసిన వెలుగే అది. ఉపన్యాసానికి ముందు, మంచి ఉదాహరణ దొరికినప్పుడు వచ్చేది.

"తప్పేమీ లేదు, చెల్లీ. బ్రహ్మాండంగా చేశావు. దీనికి సరిపోయే మనిషి ఒకడుండేవాడు, వాడు వెళ్ళిపోయాడు, అంతే. ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది ఇదే." లేచి నిలబడ్డాడు. "ఈ సాయంత్రం హాలు తెరిపించు."

ఆమె ఏం చేస్తుంది. ఎన్నో నెలల తర్వాత ఆయన తానుగా ఒకటి కావాలన్నాడు. సెట్టు జారకుండా అంటించే పొడి డబ్బా తెచ్చి, దట్టంగా చల్లి, చిగుళ్ళ మీద అదిమి పెట్టింది. మాట్లాడటానికి నిలుస్తుంది, నమలడానికి నిలవదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

హాలులో పెద్దగా జనం లేరు. పాతవాళ్ళు కొందరు, మెట్ల కింద గొడుగులు బాగుచేసే గొడుగుల తాత, నవ్విన అమ్మాయి కూడా. ఆ అమ్మాయి ఈసారి తల వంచుకుని కూర్చుంది. పళ్ళక్క ఎప్పటిలా వెనక వరసలో కూర్చుంది.

అన్నయ్య అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఎలా బతకాలో మనిషి ఏదో ఒక వయసులో తేల్చుకుంటాడన్నాడు. అప్పుడున్న మనిషికి కొలత తీసుకుంటాడు. ఆ కొలతకు ఒక నమ్మకాన్ని శ్రద్ధగా చెక్కుకుంటాడు, వంకరలతో సహా. తీరా అది తయారై పెట్టుకోబోయే సమయానికి ఆ చిగురు అరిగిపోయి ఉంటుంది. తాను అందరికీ ఇన్నేళ్ళు పంచినవన్నీ అలాంటివేనన్నాడు. "మీకు అవి పట్టలేదంటే మీ తప్పు కాదు. నన్ను క్షమించమని కూడా అడగను. పట్టేవి ఉన్నాయని ఇక చెప్పను, అంతే." అని, పళ్ళు ఊడదీసి బల్ల మీద చేతిరుమాలు పరిచి పెట్టాడు. ముఖం అందరి కళ్ళ ముందే కూలిపోయింది. ఎవరో ముక్కు చీదుకున్నారు. కొందరు వెనక్కి తిరిగి పళ్ళక్కను చూశారు, ఇంత మంచి ఉదాహరణ చేసి ఇచ్చిన మనిషి ఈవిడేనా అన్నట్టు.

చాటుగా ఏడవడానికి కూడా వీలు లేని చోటు ఆ వెనక వరస. అన్నయ్యకు బతకడానికి ఏదో ఒకటి ఇద్దామని ఆమె కూర్చుని చెక్కింది. బతకనక్కర్లేదని చెప్పడానికి దానికన్నా గట్టి సాక్ష్యం ఆయనకు మరొకటి దొరికేది కాదు.

అప్పుడు గొడుగుల తాత చెయ్యెత్తాడు.

"మాస్టారూ, చిన్న సందేహం. మీరు చెప్పిందంతా బాగుంది, నాకు సగం తలకెక్కలేదు, అది వేరే సంగతి. ఇంతకీ ఆ పళ్ళు సరిగ్గా పట్టి ఉంటే తినేవారా?"

ఒకరిద్దరు నవ్వారు. అన్నయ్య నవ్వలేదు. బల్ల మీది పళ్ళ వైపు చూశాడు, తర్వాత హాలు దాటి వెనక వరస వైపు చూశాడు. ఏదో అన్నాడు. పళ్ళు లేని నోరు, ఎవరికీ అర్థం కాలేదు.

"ఏమన్నారమ్మాయ్ మాస్టారు?" అని తాత వెనక్కి తిరిగాడు. అందరూ తిరిగారు.

ఆ క్షణాన ఆమె ఏం చెబితే ఆయన అన్నది అదే అవుతుంది. ఆమె లేచి నిలబడి, విన్నది విన్నట్టే చెప్పింది.

"తినేవాణ్ణి అంటున్నారు."

"మరింకేం? దీనికింత వేదాంతం ఎందుకండీ, మళ్ళీ కొలత తీయించండి. గొడుగు చువ్వ పొట్టిదైతే వానని తిడతామా?"

హాలంతా నవ్వింది. అన్నయ్య కూడా, బోసినోటితో.

మెట్లు దిగుతూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చెయ్యి కాదు, కర్రలాగుంది.

"నిజంగానే తినేవాడివా?"

"అద్దం చూసుకోగానే రొట్టె అంచు అడిగాను కదా," అన్నాడు. ఒక మెట్టు ఆగాడు. "ఎందుకు అడిగానా అని ఉపన్యాసం పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను. కారణం దొరకలేదు. అసలప్పుడు కారణం గుర్తే రాలేదు." మళ్ళీ ఒక మెట్టు దిగి, "రేపు డాక్టరమ్మ ఉంటుందా?" అన్నాడు.

ఇంటికి వచ్చి చేతిరుమాలు విప్పితే రక్తం. పట్టని సెట్టు అంతసేపు కదులుతూ కింది చిగురును ఒరుసుకుని కోసేసింది. మాటల్లో పడి ఆయనకు తెలియలేదు.

"ఈ పుండు మానేదాకా నోట్లో ఏదీ పెట్టడానికి లేదు," అన్నది డాక్టరమ్మ మర్నాడు. "కొలతా వద్దు, పళ్ళూ వద్దు. షుగరు మనిషి, కాస్త ఆలస్యమవుతుంది."

ఇక అక్కడి నుంచి అన్నయ్య ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఎదురుచూడటం అనేది తెలివితక్కువ పని అని ఏళ్ళ తరబడి చెప్పిన మనిషి. రోజూ సాయంత్రం ఆమె ఇంటికి రాగానే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వెలుగులోకి నోరు తెరిచేవాడు.

"మానిందా?"

"మానుతోంది."

మానడం లేదు. అంచులు తెల్లబడి, పుండు రోజురోజుకూ లోపలికి దిగుతోంది. ఆమె కన్నా ఎక్కువ నోళ్ళు చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. అయినా మానుతోంది అనే చెప్పేది.

తినడానికి కారణం కావాలన్న ఊసు ఆయన మళ్ళీ ఎత్తలేదు. జావ మంట పుడుతున్నా కళ్ళు మూసుకుని తాగేవాడు, తాగాక గిన్నె ఖాళీగా ఉందని చూపించేవాడు. ఒకరోజు, "ఈసారి ఆ కోరపన్ను కాస్త తిన్నగా పెట్టు," అన్నాడు. "మరీ అంత వంకరేం ఉండేది కాదు నాది."

"ఉండేది."

"నీ కళ్ళు అలాంటివి. హాలులో ఆడపిల్లల ముందు మాట్లాడాలి, కాస్త చూసి పెట్టు."

ఇంకొకరోజు రేకు డబ్బా మూత తీసి, అంచుల వాసన చూసి, మళ్ళీ మూసి పెట్టాడు. ఆమె వాకిట్లో చెప్పులు విప్పుతూ అది చూసింది. చూడనట్టు కాసేపు అక్కడే ఉండిపోయింది. ఏమీ వద్దన్న రోజుల్లో ఆయనను చూసి భయపడేది. ఇప్పుడు కావాలంటుంటే చూడలేకపోతోంది.

చీము ఎముకకు ఎక్కింది. జ్వరం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఆయన ఇంకా చిన్నగా కనిపించాడు, దుప్పటి కింద ఎవరో ఉన్నారా అన్నట్టు. మింగడం పోయింది. ముఖం ఒకవైపు వాచి, నాలుక మందమై, మాటకు చోటు లేకుండా పోయింది. ఒక ఉదయం ఆయన కళ్ళు తెరిచి, ఆమె మణికట్టు పట్టుకుని, ఏదో చెప్పాడు. పొడుగ్గానే చెప్పాడు. మధ్యలో ఆగి, ఆమె వింటున్నదో లేదో చూసి, మళ్ళీ చెప్పాడు.

"ఏమంటున్నారు?" అని అడిగింది నర్సు, సెలైను సీసా మారుస్తూ.

ఊరందరికీ ఆయన మాటలు విడమరచి చెప్పింది తనే. ఆమె ఆయన నోటి దగ్గరికి వంగింది, చెవి ఆనించింది.

"తెలియడం లేదు," అన్నది.

ఆయన వేళ్ళు వదులయ్యాయి. మధ్యాహ్నానికి పోయాడు.

ఆయనను శుభ్రం చేసి బట్టలు మార్చే ముసలాయన అనుభవం ఉన్నవాడు. దవడ కింద చెయ్యి పెట్టి మూసి చూసి, "పళ్ళ సెట్టేమైనా ఉందా అమ్మా? పెడితే ముఖం నిండుగా ఉంటుంది. ఇప్పుడిక కదిలేది లేదు కదా, జారదు," అన్నాడు.

సెట్టు ఆమె సంచీలోనే ఉంది, చేతిరుమాలులో. నిజమే, ఇప్పుడైతే జారదు. పెడితే పైఅరలోని పెద్దాయనే అవుతాడు.

"లేదండీ," అన్నది. "అలాగే ఉంచండి. ఆయన అలాగే ఉండేవాడు."

ల్యాబుకు మళ్ళీ వెళ్ళిన రోజు పాలిషు తమ్ముడు ఆమెను చూసి మర ఆపేశాడు. కుర్చీ మీది దుమ్ము తన చొక్కా అంచుతో తుడిచాడు. ఆమె కూర్చోలేదు. స్టూలు వేసుకుని పైఅరలోంచి అన్నయ్య దవడ దించింది. సంచీలోంచి సెట్టు తీసి దాని మీద పెట్టింది. ఎక్కడా వెంట్రుకంత సందు లేదు. పట్టుకుని ఊపినా కదల్లేదు. అంత బాగా పట్టిన సెట్టు ఆమె చేతిలోంచి అంతకుముందు రాలేదు.

"నేను చేస్తాలే అక్కా," అన్నాడతను, ఆమె సుత్తి వైపు చూడటం గమనించి.

"వద్దు."

సెట్టు తీసి సొరుగులో వేసింది. దవడ మీద ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. ప్లాస్టర్ కదా, లోపల కూడా తెల్లగానే ఉంది. ముక్కలు ఎత్తి బస్తాలో పోసి, చేతులు కడుక్కుని, తన బల్ల దగ్గర కూర్చుంది. ఆ పూటకు వచ్చిన కొలతలు ట్రేలో ఉన్నాయి. మొదటిది తీసి వెలుగులో చూసి, దాన్ని తెచ్చిన మనిషిని అడిగింది.

"పళ్ళు ఎప్పుడు తీశారు?"

"అదంతా నాకెక్కడ తెలుసండీ. ఇమ్మన్నారు, ఇచ్చాను."

"కనుక్కుని రా."

"ఇప్పుడా? ఎండలోనా?"

"ఆ మనిషిని చూసి రా," అన్నది, ట్రే వెనక్కి తోస్తూ. అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి కొత్త రొట్టె కొయ్యబోయింది. చెయ్యి తనంతట తానే అంచులు కోసి, మెత్తటి భాగం పాల గిన్నె వైపు జరిపింది. జరిపాక ఆగింది. కిటికీ దగ్గర కుర్చీ ఆయన వేసుకున్నట్టే ఉంది, వెలుగు వైపు తిరిగి.

రేకు డబ్బా మూత తీసింది. లోపల అంచులు ఎండిపోయి చెక్కముక్కల్లా ఉన్నాయి. మాడినది ఒకటి ఏరి నోట్లో పెట్టుకుంది. ఆకలి లేదు. ఆయన చివరికి ఏం చెప్పాడోనని ఆ పొడుగాటి మాటను మళ్ళీ మొదటి నుంచి చెవిలో వింటూ నమలసాగింది. మాట తెలియలేదు. అంచు మెత్తబడటానికి చాలాసేపు పట్టింది.